ఇంట్లో సార్బిట్రేట్ ఉందా? అయితే ఆ మెసేజీ నమ్మొద్దు

కావలి నుంచి కనిగిరి దాకా ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజీ. టెన్త్ బ్యాచ్ గ్రూపుల్లో, రొయ్యల రైతుల గ్రూపుల్లో, చివరికి గుడి కమిటీ గ్రూపుల్లో కూడా తిరుగుతోంది. "అన్నా, అది తప్పు" అని చెప్పిన వారానికే ఇంకో అన్న పెడతాడు. దాని కింద నాలుగు దండాలు, రెండు బొటనవేళ్లు. ఇక ఒక్కో ముక్కకీ జవాబు రాయక తప్పదు.

చూడనివాళ్ల కోసం మెసేజీ సారం ఇది. యాభై దాటిన మగవాళ్లు రోజూ రాత్రి తడలాఫిల్ (అంగం గట్టిపడటానికి వాడే మందు) చిన్న మాత్ర పాలతో వేసుకోవాలట. వయసు మీద పడి అంగం లోపల కట్టిన మచ్చలు, పీచు మూడు నెలల్లో కరిగిపోతాయట. ఆ తర్వాత మాత్రే అక్కర్లేదట. అంగం వంకర తిరిగి ఉంటే అదీ సరవుతుందట. అది బీపీకి కూడా మందే కాబట్టి బీపీ మాత్ర మానేయొచ్చట. పని చేయకపోతే డోసు పెంచుకోవాలట. పరీక్షలు వద్దు, చీటీ వద్దు, ఇంట్లో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. గుండెకి కూడా మంచిదే, ఎప్పుడైనా ఛాతీలో నొప్పొస్తే మామూలుగా సార్బిట్రేట్ (నాలుక కింద పెట్టే గుండె నొప్పి మాత్ర) పెట్టుకోండి అంటుంది. అడుగున ఒక పొడి డబ్బా బొమ్మ, ఫోన్ నంబరు.

చిన్నవి ముందు తేల్చేద్దాం. పాలకీ తడలాఫిల్‌కీ సంబంధం లేదు. అన్నం ముందు వేసుకున్నా తర్వాత వేసుకున్నా ఒకటే, రోజూ ఒకే వేళకి వేసుకుంటే చాలు. తిండితో తేడా వచ్చేది అదే జాతికి చెందిన, వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్‌కి. కొవ్వు బాగా ఉన్న భోజనం చేసి దాన్ని వేసుకుంటే పనిచేయడం ఓ గంట ఆలస్యమవుతుంది, బలమూ తగ్గుతుంది.

ఇప్పుడు మచ్చల సంగతి. ఈ ముక్క గాల్లోంచి పుట్టలేదు, అందుకే జనం నమ్ముతున్నారు.

అంగం లోపల స్పంజిలాంటి గొట్టాలు రెండుంటాయి, వాటి చుట్టూ గట్టి తెల్లటి పొర ఉంటుంది. మన చెరువును గుర్తు తెచ్చుకోండి. చెరువు నిండాలంటే ఎగువ కాలువలో నీళ్లు రావాలి, దిగువన తూము మూసుకోవాలి. అంగంలోనూ అంతే. రక్తం లోపలికొచ్చి స్పంజి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి, రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు గట్టి పొరకి ఆనుకుని నలిగి మూసుకుంటాయి. అప్పుడే గట్టిదనం నిలబడుతుంది. వయసు, షుగరు, పొగ, ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీ, ఇవన్నీ కలిసి ఆ స్పంజిలోని మెత్తటి కండరాన్ని తగ్గించి, దాని చోట కొల్లాజెన్ అనే పీచును పెంచుతాయి. ముదిరిన బెండకాయను విరిస్తే కనపడే పీచులాంటిదే ఇదీ. స్పంజి సరిగా ఉబ్బదు కాబట్టి తూము సరిగా మూసుకోదు. వచ్చిన రక్తం వచ్చినట్టే జారిపోతుంది.

తడలాఫిల్ చేసేది కాలువను వెడల్పు చేయడం. కోరిక పుట్టినప్పుడు నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, దానివల్ల సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం తయారై కండరాన్ని సడలిస్తుంది. పీడీఈ5 అనే ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంటే ఈ మందు ఆ ఎంజైమును ఆపుతుంది. తూము తలుపే పాడైపోయిన చోట కాలువ ఎంత వెడల్పు చేసినా ఏం లాభం? కొందరికి మాత్ర సరైన డోసులో, సరిగ్గా వాడినా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

మరి పరిశోధన లేదా అంటే ఉంది. ముసలి ఎలుకలకు వారాల తరబడి రోజూ సిల్డెనాఫిల్ ఇస్తే పీచు తగ్గి కండరం మెరుగైందని 2007లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. నరం తెగ్గొట్టిన ఎలుకల్లోనూ ఈ జాతి మందులు పీచు కట్టడాన్ని తగ్గించాయి. అది మంచి పనే, కాదనడం లేదు. కానీ ఎలుక బతికేదే రెండు మూడేళ్లు. దాని జీవితంలో కొన్ని వారాలంటే మనిషి లెక్కలో ఏళ్లు. పైగా ఆ ఎలుకకు నలభై ఏళ్ల బీడీ లేదు, పదిహేనేళ్ల షుగరు లేదు.

మనుషుల్లో చూస్తే, ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు రాత్రి మార్చి రాత్రి సిల్డెనాఫిల్ ఇచ్చి, ఆరు నెలల తర్వాత అంగం లోపలి చిన్న ముక్క తీసి పరీక్షించిన చిన్న అధ్యయనం 2004లో వచ్చింది. కండరం నిలిచిందనే చెప్పారు. కానీ పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు అందులో లేదు. ఆ తర్వాత అదే ఆపరేషన్ అయినవాళ్ల మీద పెద్ద పరీక్షలు జరిగాయి. 2008లో అదే జాతి వర్డెనాఫిల్‌తో, 2014లో తడలాఫిల్ 5 ఎంజీతో. తడలాఫిల్ పరీక్షలో తొమ్మిది నెలలు రోజూ ఇచ్చి, ఆపేసి, కొన్ని వారాలు ఆగి చూశారు. మందు లేకుండా స్తంభన నిలిచే విషయంలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే లాభం కనపడలేదు. రోజువారీ వర్డెనాఫిల్ కథా అంతే. "మూడు నెలలు వాడితే జీవితాంతం అక్కర్లేదు" అనే ముక్క సరిగ్గా ఇక్కడే కూలిపోతుంది. వేసుకున్నన్నాళ్లు పనిచేస్తుంది, ఆపితే ఒంట్లోంచి పోతుంది. ఇది టైఫాయిడ్‌కి వాడినట్టు కోర్సు కాదు. కళ్లజోడు లాంటిది.

ఒక్కటి ఒప్పుకోవాలి. అదే 2014 పరీక్షలో రోజూ తడలాఫిల్ వేసుకున్నవాళ్లలో, ఆపరేషన్ తర్వాత అంగం పొడవు తగ్గడం కొంత తక్కువగా ఉంది. అంటే లోపలి కండను కాపాడటంలో మందుకు ఏదో పాత్ర ఉండే వీలుంది. అది కట్టిన మచ్చను కరిగించినట్టు మాత్రం కాదు.

వంకర గురించి రెండు ముక్కలు. అది స్పంజిలో పుట్టే జబ్బు కాదు, చుట్టూ ఉన్న గట్టి పొరలో ఒకచోట గడ్డలా మచ్చ కట్టడం. పెరోనీస్ అంటారు. కొందరికి దాంతోపాటు అరచేతిలో తాడులా గట్టిపడి వేలు వంగుతుంది కూడా. తడలాఫిల్ ఆ వంకరను సరిచేయదు. విటమిన్ ఈ మాత్రలూ చేయవు, వాటిని ఇవ్వొద్దనే అమెరికా యూరాలజిస్టుల మార్గదర్శకాల్లో ఉంది. నొప్పి ఉన్నన్నాళ్లు నొప్పి మాత్రలు వాడతారు. నొప్పి పోయి, వంకర కనీసం మూడు నెలలు మారకుండా ఉన్నాక మచ్చలోకి ఇంజెక్షన్లు, లేదంటే ఆపరేషన్. గట్టిపడినప్పుడు పైనుంచి, పక్కనుంచి ఫోటో తీసి పెట్టుకుంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. సిగ్గు పడొద్దు, వాళ్లు అడిగేదే అది.

డోసు పెంచుకోమనడం మూర్ఖత్వం. తడలాఫిల్ రెండు రకాలుగా వాడతారు. రోజువారీ అయితే 2.5 లేదా 5 ఎంజీ. అవసరమైనప్పుడు మాత్రమే అయితే 10 లేదా 20 ఎంజీ, అదీ రోజుకు ఒక్కసారికి మించకుండా. రెండు పద్ధతులూ కలపకూడదు. మెసేజీ చెప్పినట్టు పెంచుకుంటూ పోయి రోజూ 20 వేసుకుంటే ఏమవుతుంది? తలనొప్పి, ముక్కు దిబ్బడ, గుండెల్లో మంట, సగం రోజు తర్వాత మొదలయ్యే నడుం నొప్పి, పిక్కల నొప్పి. రోజువారీ మాత్ర ఒంట్లో స్థిరపడటానికే ఐదు రోజులు పడుతుంది. రెండో రోజే "పనిచేయలా" అని రెండు మింగేవాళ్లకు మందు దోషం అంటగడితే ఎట్టా? కోరిక లేకుండా మాత్ర ఒక్కటే ఏమీ చేయదు, మందు కొట్టి ఉంటే ఇంకా చేయదు.

ఇంకో మాట. అంగం గట్టిపడి నాలుగు గంటలు దాటినా దిగకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. లోపల నిలిచిపోయిన రక్తంలో ఆక్సిజన్ అయిపోయి కండరం చచ్చిపోతుంది, దాని చోట పీచే కడుతుంది. ఏ మచ్చను పోగొట్టుకోవాలని మొదలుపెట్టారో ఆ మచ్చే శాశ్వతంగా మిగులుతుంది. తడలాఫిల్ ఒక్కదానితో ఇది చాలా అరుదు. లాడ్జీల్లో క్యాంపులు పెట్టేవాళ్లు అంగంలోకి వేసే పాపావరిన్‌లాంటి ఇంజెక్షన్ మీద ఇది కూడా వేసుకుంటే అంత అరుదు కాదు.

బీపీ మాత్ర మానేయమన్న ముక్క ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే బీపీకి తడలాఫిల్ రోజుకు 40 ఎంజీ ఇస్తారు, సిల్డెనాఫిల్ కూడా వాడతారు. అది వేరే జబ్బు, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. మామూలు బీపీని ఈ మందు కాస్త దించుతుంది గానీ అదుపులో పెట్టదు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వాడేవాళ్లు బీపీ మందు మానకుండానే, డాక్టరుకు చెప్పి దీన్ని వేసుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, బీపీకి ప్రజోసిన్ వాడేవాళ్లు. మంచం దిగి లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడొచ్చు. ఇంకోటి, తడలాఫిల్ 5 ఎంజీని ప్రోస్టేట్‌కి కూడా రాస్తారు. ఇప్పటికే అది వేసుకుంటూ ఈ మెసేజీ చూసి ఇంకోటి మొదలుపెట్టకండి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి.

ఇక అసలు సంగతి. మిగతావన్నీ తప్పులు. ఇది మాత్రం ప్రాణం తీసే మాట.

"నొప్పొస్తే సార్బిట్రేట్ పెట్టుకోండి" అంటున్నారు. మన జిల్లాల్లో గుండెకి ఒకసారి చూపించుకున్న ఇళ్లలో బీరువాలోనో, దేవుడి గూట్లోనో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆ మాత్రలు ఉంటాయి. అర్ధరాత్రి పెద్దాయన ఛాతీ పట్టుకుని లేచి కూర్చుంటాడు. చెమటలు పోస్తుంటాయి. ఆయన భార్య లైటు వేసి, వణికే చేతుల్తో ఆ డబ్బా తీసి, ఒక మాత్ర ఆయన నాలుక కింద పెడుతుంది. ఆమెకి నేర్పించిందే చేసింది. ఆయన రాత్రి తొమ్మిదింటికి తడలాఫిల్ మింగాడని ఆమెకి తెలియదు, ఎందుకంటే ఆ మెసేజీ చెప్పక్కర్లేదంది.

ఒంట్లో జరిగేదిది. సార్బిట్రేట్ నైట్రేటు మందు. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌ని పోసి, రక్తనాళాలన్నిట్లో సైక్లిక్ జీఎంపీని కుప్పలుగా తయారుచేయిస్తుంది. మామూలుగా అయితే పీడీఈ5 దాన్ని విరగ్గొడుతూ అదుపులో ఉంచుతుంది. తడలాఫిల్ ఆ పీడీఈ5నే ఆపేసి ఉంది. తయారీ ఆగదు, విరగడం ఉండదు. ఒళ్లంతా రక్తనాళాలు ఒక్కసారిగా సడలిపోయి బీపీ పాతాళానికి పడిపోతుంది. అప్పటికే రక్తం చాలక నొప్పెడుతున్న గుండెకు వచ్చే ఆ కాస్త రక్తమూ తగ్గిపోతుంది. నొప్పి తగ్గించాలని పెట్టిన మాత్రతోనే మనిషి స్పృహ తప్పుతాడు, పోవచ్చు కూడా.

"సాయంత్రం వేసుకున్నాను, పొద్దున్నకి పోయుంటుంది" అనుకోకండి. సిల్డెనాఫిల్ నాలుగు గంటలకు సగమవుతుంది, అయినా 24 గంటలు నైట్రేటు తగలకూడదు. తడలాఫిల్ సగం అవ్వడానికే పదిహేడున్నర గంటలు పడుతుంది. ముప్ఫై ఐదు గంటలకు ఇంకా పావు వంతు ఉంటుంది. అందుకే కనీసం 48 గంటలు అంటారు. రోజూ వేసుకునేవాడి ఒంట్లో అది ఎప్పుడూ ఉంటుంది. మెసేజీ చెప్పేది రోజూ వేసుకోమని, నొప్పొస్తే సార్బిట్రేట్ పెట్టమని. ఈ రెండు వాక్యాలు ఒకే మెసేజీలో రాసిన మనిషికి మందుల గురించి ఏం తెలుసు? దాన్ని పంపిన మనం కింద దండాలు ఎందుకు పెట్టాం?

నైట్రేట్లు సార్బిట్రేట్ ఒక్కటే కాదు. చీటీలో ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్, నైట్రోగ్లిసరిన్ అని ఉన్నా అదే జాతి. ఐఎస్ఎంఎన్, ఐఎస్‌డీఎన్, జీటీఎన్ అని పొట్టిగా రాసినా అదే. ఐసోర్డిల్, మోనోట్రేట్, నైట్రోకాంటిన్ పేర్లతో ఉండేవీ అవే. నాలుక కింద కొట్టే స్ప్రే కూడా. నికోరాండిల్‌తోనూ ఇదే ప్రమాదం. వీటిలో ఏదైనా రోజూ గానీ, అవసరమైనప్పుడు గానీ వాడేవాళ్లకు తడలాఫిల్, సిల్డెనాఫిల్ రెండూ నిషేధం. "తక్కువ డోసు పర్లేదు" అన్న మాటే లేదు. స్టెంటు ఉన్నంత మాత్రాన నిషేధం కాదు, చీటీలో నైట్రేటు ఉందా లేదా అన్నదే చూడాలి.

తడలాఫిల్ వాడుతుండగా ఛాతీ నొప్పి వస్తే ఇట్టా చేయండి. చేస్తున్న పని ఆపి కూర్చోండి. 108కి ఫోన్ చేయండి. సార్బిట్రేట్ జోలికి పోవద్దు. కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. అంబులెన్సులో వచ్చినవాళ్లకి, ఆసుపత్రిలో మొదట చూసినవాళ్లకి, ఏ మాత్ర, ఎన్ని ఎంజీ, ఎన్నింటికి వేసుకున్నారో ముందే చెప్పండి. ఛాతీ నొప్పి అనగానే అలవాటుగా నైట్రేటు ఇచ్చేవాళ్లుంటారు, వాళ్లకు మీరు చెప్తేనే తెలుస్తుంది. నైట్రేటు లేకుండా వైద్యం చేయడానికి వాళ్ల దగ్గర వేరే మందులున్నాయి. అందుకే ఇంట్లో చెప్పాలి. సిగ్గయితే ఒక్క వాక్యం చాలు: "నేనీ మాత్ర వాడుతున్నా, నొప్పొస్తే నాకు నాలుక కింద మాత్ర పెట్టొద్దు."

పరీక్షలు వద్దన్న ముక్క దీనికి తోడు. అంగానికి పోయే రక్తనాళం ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెవి మూడు నాలుగు. కొవ్వు పేరుకునే జబ్బు ముందు సన్నదాన్నే పట్టుకుంటుంది. అంగం బలహీనపడిన రెండు మూడేళ్లకో, అయిదేళ్లకో గుండె జబ్బు బయటపడటం డాక్టర్లు తరచూ చూసేదే. ఈ లక్షణం గుండె పంపిన ముందస్తు చీటీ కావచ్చు, దాన్ని చింపేయమంటోంది మెసేజీ. మొదలుపెట్టే ముందు కనీసం బీపీ, మూడు నెలల సగటు షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. కోరిక కూడా తగ్గి ఉంటే పొద్దున పూట టెస్టోస్టిరాన్. రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటే, మాత్ర సంగతి తర్వాత, ముందు గుండె డాక్టరు. మూడు నెలల లోపు గుండెపోటు, ఆరు నెలల లోపు పక్షవాతం వచ్చినవాళ్లు మొదలుపెట్టనే కూడదు.

కనిగిరి, పామూరు వైపు వాళ్లు క్రియాటినిన్ తప్పకుండా చూపించుకోవాలి. అక్కడ ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు కొత్త కథ కాదు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో చెప్పే లెక్క) 30 కంటే తక్కువుంటే, డయాలసిస్‌లో ఉంటే రోజువారీ తడలాఫిల్ వద్దనే మందు కాగితంలో రాసి ఉంటుంది. కిడ్నీ దెబ్బతింటే మందు ఒంట్లో పేరుకుంటుంది, పైన చెప్పిన 48 గంటల లెక్కా నమ్మడానికి లేదు.

అడుగున ఉన్న పొడి డబ్బా సంగతి చెప్పి వదిలేస్తా. "మూలికలే, సైడ్ ఎఫెక్టులు లేవు" అని అమ్మే ఇలాంటి పొడుల్లో, గుళికల్లో సిల్డెనాఫిల్, తడలాఫిల్ కలిపి ఉన్నట్టు అమెరికా మందుల నియంత్రణ సంస్థ పరీక్షల్లో మళ్లీ మళ్లీ బయటపడింది. ఎంత కలిపారో డబ్బా మీద ఉండదు. అది తిన్నవాడు "నేనే ఇంగ్లీషు మందూ వాడటం లేదు" అని నిజాయతీగానే చెప్తాడు, అప్పుడు సార్బిట్రేట్ పెట్టినవాళ్ల తప్పు ఏముంది?

ఇంత తిట్టాక మెసేజీలో రెండు మాటలు నిజమని కూడా చెప్పాలి. ఈ మందుకి అలవాటు పడిపోతారనే భయం అక్కర్లేదని రాశారు. నిజమే, ఇది నల్లమందు కాదు. ఖరీదైన కంపెనీ మాత్రే కావాలని లేదన్నారు. అదీ నిజమే. బిల్లు ఇచ్చే మెడికల్ షాపులో, బ్యాచ్ నంబరు ఉన్న స్ట్రిప్పుగా కొన్న జెనెరిక్ అదే పని చేస్తుంది. నైట్రేటు వాడని, గుండె, కిడ్నీ బాగున్న మనిషికి డాక్టరు రాసిచ్చిన 5 ఎంజీ రోజూ ఏళ్ల తరబడి వేసుకోవడం మంచి వైద్యమే. యాభై అయిదేళ్ల మనిషి ఇది అడగడానికి సిగ్గుపడాల్సిన పనే లేదు. అడిగితే మొహం చిట్లించి పంపేసే డాక్టర్లు ఉన్నంతకాలం జనం మెసేజీలే నమ్ముతారు, ఆ పాపంలో వాళ్లకీ వాటా ఉంది.

వాడుతున్నవాళ్లు ఈ రోజే చిన్న కాగితం మీద ఇది రాసి, ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోండి, ఇంకోటి ఇంట్లో సార్బిట్రేట్ డబ్బాకే రబ్బరు బ్యాండుతో చుట్టండి: "తడలాఫిల్ 5 ఎంజీ, రోజూ రాత్రి తొమ్మిదింటికి. నైట్రేట్లు ఇవ్వొద్దు."